రాత్రికి తాళం వేస్తే భద్రత రాదు

ఏడాదికోసారి గ్యాలప్ వాళ్ళ సర్వే ఒకటి బయటికొస్తుంది. 'మీరుండే చోట రాత్రిపూట ఒంటరిగా నడవడం క్షేమమేనని మీకనిపిస్తుందా?' అని నూట నలభై పైచిలుకు దేశాల్లో జనాన్ని అడుగుతారు. 2025లో వచ్చిన నివేదికలో సింగపూర్‌లో నూటికి 98 మంది అవునన్నారు. దక్షిణాఫ్రికాలో 33 మంది. ప్రపంచం మొత్తమ్మీద 73 మంది.

ఇది రాగానే మన తెలుగు ఐటీ సోదరుల్లో ఒక తంతు మొదలవుతుంది. ముందుగా, అర్ధరాత్రి ఆడమనిషి ఒంటరిగా నడిచిన రోజే అసలైన స్వాతంత్ర్యం అంటూ గాంధీగారి పేరు మీద తిరిగే వాక్యం. (ఆయన ఎక్కడ, ఎప్పుడు అన్నారని అడిగితే మాత్రం ఎవరూ చెప్పరు.) ఆ వెంటనే 'అక్కడ తప్పు చేస్తే ఉరేస్తారు బాసూ, అందుకే అలా ఉంది. మన దగ్గరా నలుగుర్ని నడిరోడ్డు మీద వేలాడదీస్తే దెబ్బకి దారికొస్తారు' అనే తీర్మానం. చివర్లో 'అసలు ఆ టైములో ఆడపిల్లకి బయటేం పని?' అనే హితబోధ. మూడూ ఒకే నోటి నుంచి, ఒకే గుక్కలో వస్తాయి. మొదటిదానికీ మూడోదానికీ చుక్కెదురని అన్నవాడికి తట్టదు.

నా వాదన ఒక్క ముక్కలో చెబుతాను. వీధిని క్షేమంగా ఉంచేది ఉరితాడు కాదు, వీధిలో ఉన్న జనం. మనం చేస్తున్నది సరిగ్గా దానికి రివర్సు. ఎక్కడ ఏ ఘోరం జరిగినా ముందు రాత్రికి తాళం వేస్తాం, ఆడవాళ్ళని ఇంటికి పంపిస్తాం, దుకాణాలు మూయిస్తాం. అలా ఖాళీ అయిన వీధిని ఎవడికి అప్పజెబుతున్నామో ఆలోచించం.

ముందు ఉరి సంగతి తేల్చేద్దాం.

సింగపూర్‌లో ఉరి ఉంది, నిజమే. నార్వేలో లేదు. అక్కడ మామూలుగా విధించే గరిష్ఠ జైలు శిక్షే 21 ఏళ్ళు. అదే గ్యాలప్ సర్వేలో నార్వే కూడా తొంభై దాటిన దేశాల్లో ఉంది. ఉరి ఉన్న దేశమూ, లేని దేశమూ పక్కపక్కన కూర్చున్నప్పుడు కారణం ఉరి అని ఎలా అంటాం? రెండు మెషీన్లలోనూ ప్రోగ్రాం చక్కగా నడుస్తుంటే, ఒకదాంట్లో మాత్రమే ఉన్న సెట్టింగుని పట్టుకుని 'దీనివల్లే నడుస్తోంది' అనే కుర్ర ఇంజనీరుకి నేను రెండో కాఫీ ఇప్పించి మళ్ళీ మొదట్నుంచీ చూడమంటాను.

దూరం ఎందుకు, మన దగ్గరే చూడండి. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర టోల్‌గేటు వద్ద జరిగిన ఘోరం అందరికీ గుర్తుంది. డిసెంబర్ 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీం కోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిపినవేనని తేల్చింది. ఆ నివేదిక 2022లో బయటికొచ్చింది. పక్క రాష్ట్రంలో అదే డిసెంబర్‌లో 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేశారు. దానికి రాష్ట్రపతి ఆమోదం రానే లేదు. ఉరికి మించిన శిక్ష తొమ్మిది రోజుల్లో అయిపోయింది కదా, మరి ఆ తర్వాత మన ఊళ్ళలో ఆడవాళ్ళు రాత్రిపూట హాయిగా నడుస్తున్నారా? మీ ఇంట్లో ఆడవాళ్ళనే అడగండి.

ఆ కేసులో నిజంగా ఏం విఫలమైందో అది మాత్రం మనం మర్చిపోయాం. అమ్మాయి ఇంటికి రాలేదని కుటుంబం స్టేషన్‌కి వెళితే 'ఇది మా పరిధి కాదు' అని ఇంకో స్టేషన్‌కి తిప్పారు. ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళనీ సస్పెండ్ చేశారు కూడా. అంటే లోటు శిక్షలో లేదు. ఫిర్యాదు చేతికిచ్చిన ఆ మొదటి గంటలో ఉంది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది ఆ గంట గురించి అడిగారు?

సరే, ఉరి కాకపోతే సింగపూర్‌లో ఉన్నదేమిటి? అక్కడ మూడేళ్ళు ఉద్యోగం వెలగబెట్టాను కాబట్టి చెబుతున్నా. జనాభాలో ముప్పావు వంతుకి పైగా ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ అపార్టుమెంట్లలోనే ఉంటారు. ఆ భవనాల కింది అంతస్తులు గోడల్లేకుండా తెరిచి ఉంటాయి, ముసలాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. అక్కణ్ణుంచి బస్టాపు దాకా పైకప్పున్న నడకదారి. దారిలో తిండి దుకాణాల సముదాయం, పొద్దుపోయాక కూడా టీ తాగుతూ నలుగురు. లైట్లు వెలుగుతుంటాయి. పగిలిన ఫుట్‌పాత్ ఉండదు. మన వాళ్ళంతా వారాంతంలో వెళ్ళే ముస్తఫా అర్ధరాత్రి దాటాక కూడా కిటకిటలాడుతుంది. ఆ దారిలో పోలీసు నాకు కనపడింది తక్కువ, జనం కనపడింది ఎక్కువ. జేన్ జేకబ్స్ అనే ఆవిడ 1961లోనే అమెరికా నగరాల గురించి పుస్తకం రాస్తూ ఈ సంగతి చెప్పింది. వీధిని కాపాడేది ప్రధానంగా వీధి మీదున్న కళ్ళు. దుకాణదారుడి కళ్ళు, కిటికీలోంచి చూసే అవ్వ కళ్ళు, ఇంటికి పోతున్న బాటసారి కళ్ళు.

'అది సింగపూర్, ఆ జనం వేరు, మన జనం వేరు' అంటారా? అక్కడికే వస్తున్నా.

రంజాన్ నెలలో ఏ రోజైనా రాత్రి ఒంటిగంటకి చార్మినార్ దగ్గరికి వెళ్ళండి. మదీనా నుంచి పత్తర్‌గట్టీ దాకా ఇసకేస్తే రాలని జనం. చంకలో పిల్లలతో ఆడవాళ్ళు గాజులు బేరమాడుతుంటారు. కాలేజీ పిల్లలు గుంపులుగా తిరుగుతుంటారు. అదే హైదరాబాద్, అదే పోలీసు, అదే చట్టం, అవే శిక్షలు. మారింది ఒక్కటే... దుకాణాలు తెరిచున్నాయి.

లేదా తిరుమల వెళ్ళండి. రాత్రి రెండింటికి మాడవీధుల్లో, కాటేజీల దారుల్లో ఆడవాళ్ళు నడుస్తూనే ఉంటారు. వాళ్ళలో చాలామంది తమ ఊళ్ళో రాత్రి తొమ్మిది తర్వాత సందు చివరి కిరాణా కొట్టుకి కూడా ఒంటరిగా వెళ్ళరు. కొండ ఎక్కగానే మగజాతి మొత్తం మారిపోయిందా? లేదు. అక్కడ రాత్రి అనేది లేదు, అంతే. లైట్లున్నాయి, బస్సులు తిరుగుతున్నాయి, టీ కొట్టు ఉంది, పక్కన ఇంకో మనిషున్నాడు.

జనం ఉంటే చాలు, అంతా శుభం అని కూడా నేననను. ఖైరతాబాద్ గణేశుడి దగ్గర తోపులాటలో చేతులు వేసే వెధవలు ఏటా వందల్లో దొరుకుతారు. కానీ వాళ్ళు దొరుకుతున్నారెలా? 2014లో మొదలైన షీ టీమ్స్ వాళ్ళు మామూలు బట్టల్లో అదే గుంపులో నిలబడి పట్టుకుంటున్నారు. ఇబ్బంది వస్తోందని దర్శనానికి ఆడవాళ్ళని రావద్దనలేదు. పోలీసులు చేయాల్సింది అదీ. జనాన్ని ఉండనిచ్చి, జనంలో తామూ ఉండటం.

దీనికి ఎదురు, మా ఐటీ కారిడార్ సంగతి చూడండి. పగలు లక్షల మంది పనిచేసే చోటు. రాత్రి పదకొండుకి ఆఫీసు గేటు బయట నిలబడితే ఒక పక్క నిలువెత్తు ప్రహరీ, ఇంకో పక్క నిలువెత్తు ప్రహరీ, మధ్యలో ఫ్లైఓవరు. కొట్టు లేదు, కిటికీ లేదు. ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరు. చాలా కంపెనీల్లో రాత్రి క్యాబులో మొదట ఎక్కేదీ చివర దిగేదీ ఆడవాళ్ళు కాకూడదని రూలు, లేదంటే గార్డు తోడు. మంచిదే, తీసెయ్యమనను. కానీ ఆ క్యాబు రాని రోజు అదే కంపెనీ ఉద్యోగిని అర కిలోమీటరు నడవలేదు. కోట్లు పోసి మనం కట్టుకున్నది ఊరు కాదు, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి వేసిన పైపు.

ఇక రెండో సంగతి. 'నడుస్తారా' అని అడుగుతున్నది ఎవర్ని?

మా వృత్తిలో ఒక పేరుమోసిన జవాబుంది. టెస్టింగు వాళ్ళు బగ్ చూపిస్తే 'నా మెషీన్‌లో బానే నడుస్తోందే' అంటాడు డెవలపరు. 'హైదరాబాద్ చాలా సేఫ్ అండీ, నేను రాత్రి రెండింటికి బిర్యానీ తిని నడిచి వస్తాను' అనే మగవాడి మాట అచ్చం ఇదే. నీ మెషీన్‌లో నడుస్తుంది నాయనా! ప్రపంచవ్యాప్తంగా అదే సర్వేలో మగవాళ్ళు 78 శాతం క్షేమమంటే ఆడవాళ్ళు 67 శాతమే అన్నారు.

ఇందులో ఇంకో తిరకాసుంది. ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్ళలో నూటికి ఎనభై మంది మగవాళ్ళే, అదీ ఎక్కువగా ఇంటి బయట. ఆడవాళ్ళ విషయానికొస్తే 2023లో చంపబడ్డ వాళ్ళలో నూటికి అరవై మందిని చంపింది భర్తో, ప్రియుడో, ఇంట్లోవాళ్ళో అని ఐక్యరాజ్యసమితి లెక్క. మన జాతీయ నేర గణాంకాల్లో 2021లో నమోదైన అత్యాచారం కేసుల్లో 96 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. మరి 'చీకటి పడితే ఇంట్లో ఉండు, క్షేమంగా ఉంటావు' అనే సలహా ఏ లెక్క మీద ఇస్తున్నట్టు?

ఆడా మగా తేడా ఒక్కటే కాదు. నేను న్యూజెర్సీలో ఉన్నప్పుడు మా కాలనీలో రాత్రి ఎనిమిది తర్వాత పిట్ట కూడా కనపడేది కాదు. 'ఎంత ప్రశాంతం!' అనేవాళ్ళు మన వాళ్ళు, కారులోంచి. పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు తప్ప అక్కడ నడిచేవాళ్ళే లేరు. అలాంటి కాలనీలోనే, అలబామా రాష్ట్రంలో, 2015 ఫిబ్రవరిలో కొడుకు ఇంటికి వచ్చిన 57 ఏళ్ళ గుజరాతీ పెద్దాయన నడకకి వెళ్ళాడు. రాత్రి కూడా కాదు, పొద్దున్నే. ఎవరో నల్లాయన తిరుగుతున్నాడని పొరుగువాడు పోలీసులకి ఫోన్ చేశాడు. ఆయనకి ఇంగ్లీషు రాదు. పోలీసు నేలకేసి కొడితే మెడ దెబ్బతిని పక్షవాతం వచ్చింది. ఆయన్ని భయపెట్టాల్సిన దొంగ ఎవడూ అక్కడ లేడు. ఆయన్నే చూసి ఇంకొకడు భయపడ్డాడు, అంతే. బ్రెంట్ స్టేపుల్స్ అనే నల్లజాతి రచయిత 1986లో ఒక వ్యాసంలో రాశాడు. రాత్రిపూట తనని చూసి తెల్లవాళ్ళు బెదిరిపోతుంటే, వాళ్ళకి ధైర్యం చెప్పడానికి వివాల్డి సంగీతాన్ని ఈల వేస్తూ నడిచేవాడట. ఒకరికి క్షేమం అనిపించడానికి ఇంకొకడు ఈల వెయ్యాల్సి రావడం ఏం క్షేమం?

అలాగే గల్ఫ్. సౌదీ, కువైట్, ఎమిరేట్స్ అన్నీ ఈ సర్వేలో తొంభైకి తగ్గనివే. మన గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. పాస్‌పోర్టు యజమాని బీరువాలో పెట్టుకుని గడప దాటనివ్వని ఇంట్లో ఉన్న మనిషిని 'రాత్రి ఒంటరిగా నడవాలంటే భయమా?' అని అడిగితే ఏం చెబుతుంది? ఆవిడ భయం వీధి గురించి కాదు, వీధిలోకి రాలేకపోవడం గురించి. వీధి క్షేమంగా ఉండటం ఒకటి, ఆ వీధిలోకి వచ్చే హక్కు ఉండటం ఇంకొకటి. ఒక్క అంకె రెండూ చెప్పదు.

ఇప్పుడు అసలు కోపం వచ్చే చోటుకి వద్దాం. సైటు మీద దాడి జరుగుతోందని తెలిస్తే ఏం చేస్తాం? కన్నం ఎక్కడుందో వెతికి పూడుస్తాం. సర్వరే ఆపేసి 'ఇప్పుడు దాడులు సున్నా' అని బాసుకి రిపోర్టు ఇస్తే ఆ సాయంత్రమే ఉద్యోగం ఊడుతుంది. ప్రభుత్వాలు మాత్రం ఇదే పని చేసి దండలు వేయించుకుంటాయి.

శంషాబాద్ ఘోరం జరిగిన వారంలోపే, 2019 డిసెంబర్ 1న, తెలంగాణ ముఖ్యమంత్రి ఆర్టీసీలో ఆడ ఉద్యోగులకి రాత్రి ఎనిమిది తర్వాత డ్యూటీ వెయ్యొద్దన్నారు. చప్పట్లు కొట్టారు. నేను మాత్రం తల పట్టుకున్నాను. రాత్రి బస్సులో ఒంటరిగా ఎక్కే ఆడపిల్లకి కొండంత ధైర్యం లేడీ కండక్టరు. సరిగ్గా ఆవిణ్ణే దింపేశారు!

2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో వైద్యురాలి హత్య తర్వాత బెంగాల్ ప్రభుత్వం అదే పాట పాడింది. వీలైనంతవరకూ ఆడవాళ్ళకి రాత్రి డ్యూటీ తప్పించాలని మార్గదర్శకాలిచ్చింది. రక్షణ ఇవ్వడం మీ పని, రాత్రిపూట పని చేయొద్దనడం కాదని సుప్రీం కోర్టు ఆ సెప్టెంబర్‌లో అక్షింతలు వేసింది. అక్కడి ఆడవాళ్ళు అంతకు ముందే, ఆగస్టు 14 అర్ధరాత్రి, వేలల్లో వీధుల్లోకి వచ్చి జవాబు చెప్పారు. ఇది కొత్త గొడవ కూడా కాదు. 1977లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో వరస హత్యలు జరుగుతుంటే చీకటి పడ్డాక బయటికి రావద్దని ఆడవాళ్ళకి పోలీసులు చెప్పారు. నవంబర్ 12 రాత్రి లీడ్స్‌లో ఆడవాళ్ళు 'రాత్రి మాది' అంటూ ఊరేగింపు తీశారు.

అదే ఇంగ్లండులో 2021 మార్చిలో, లండన్‌లో రాత్రి తొమ్మిది దాటాక ఇంటికి నడిచి వెళుతున్న 33 ఏళ్ళ మహిళని దొంగ అరెస్టు చేసి తీసుకెళ్ళి చంపినవాడు సాక్షాత్తూ పోలీసు. ఆ తర్వాత లండన్ పోలీసులు ఆడవాళ్ళకి ఇచ్చిన సలహా ఏమిటో తెలుసా? ఒంటరి పోలీసు ఆపితే, అనుమానం వస్తే, దారిన పోయేవాళ్ళని పిలవండి, బస్సుని చెయ్యెత్తి ఆపండి అని. సలహా మీద అక్కడ దుమ్మెత్తిపోశారు, సరైన పనే. కానీ గమనించారా? చివరికి పోలీసులు కూడా చూపించింది జనాన్నీ, బస్సునే.

మరి మన హైదరాబాద్‌లో? ఆపరేషన్ చబుత్రా అని, రాత్రి అరుగుల మీద కూర్చుని కబుర్లాడే కుర్రాళ్ళని వ్యాన్లెక్కించి కౌన్సెలింగ్ ఇస్తారు. 2024 జూన్‌లో దుకాణాలు మూయండి, ఊరికే తిరిగితే లాఠీయే అని పోలీసు బండి మైకులో అరిచిన వీడియో ఊరంతా తిరిగింది. తాగి గొడవ చేసేవాణ్ణి పట్టుకోండి, కాదనను. ఇడ్లీ బండి వాడేం చేశాడు? పదకొండింటికి ఆ బండి మీదున్న లైటు ఆ సందు మొత్తానికీ ఆధారం. దాన్ని ఆర్పేసి మూలమీద సీసీ కెమెరా పెడతాం. కెమెరా మర్నాడు కోర్టులో పనికొస్తుంది. ఇడ్లీ బండి వాడు ఆ క్షణంలో 'ఏయ్, ఎవడ్రా అది' అంటాడు.

'నీకేం, ఎన్నైనా చెబుతావు. మా అమ్మాయి మీద ప్రయోగం చెయ్యమంటావా?' అని అడిగే తండ్రి మీద నాకు కోపం లేదు. నాకూ చెల్లెలుంది, 'బయల్దేరావా' అని నేనూ మెసేజి పెడతాను. తండ్రి భయపడొచ్చు. ఆయన చేతిలో ఉన్నది ఆ ఫోను ఒక్కటే. ప్రభుత్వం చేతిలో బస్సులున్నాయి, దీపాలున్నాయి, స్టేషన్లున్నాయి. అవన్నీ పెట్టుకుని అది కూడా తండ్రిలా 'ఎనిమిదింటికల్లా ఇల్లు చేరమ్మా' అంటే దాన్ని ప్రభుత్వం అనరు, హాస్టల్ వార్డెన్ అంటారు.

కావలసినవి పెద్ద గొంతెమ్మ కోర్కెలేం కాదు.

1. రాత్రి బస్సు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచీ, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచీ ఆడవాళ్ళకి బస్సు ఉచితం. చాలా మంచి పని. టికెట్ ఫ్రీ సరే, రాత్రి పదిన్నరకి బస్సేదీ? ప్రధాన రూట్లలో రాత్రంతా గంటకొకటైనా, టైము ప్రకారం నడపండి. లేడీ కండక్టర్లని మళ్ళీ ఎక్కించండి.

2. బస్టాపు నుంచి ఇంటి దాకా వెలుగు. ఫ్లైఓవరుకి రంగురంగుల దీపాలు తర్వాత, ముందు సందులో బల్బు, దాని కింద నడవగలిగే ఫుట్‌పాత్.

3. కొట్లూ బండ్లూ ఉండనివ్వండి. ఐటీ పార్కుల ప్రహరీల స్థానంలో రోడ్డు వైపు తెరిచిన దుకాణాలు పెట్టమనండి.

4. ఏ స్టేషన్‌కి వెళితే ఆ స్టేషన్‌లోనే ఫిర్యాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో జీరో ఎఫ్ఐఆర్ రాసిపెట్టే ఉంది. 'మా పరిధి కాదు' అన్నవాడి ఉద్యోగం పోవాలి, సస్పెన్షన్ కాదు.

ఇందులో ఒక్కదానికీ ఉరితాడు అక్కర్లేదు. అన్నిటికీ డబ్బూ, రోజువారీ శ్రద్ధా కావాలి. అందుకే ఎవరికీ రుచించవు. తుపాకీ పేలితే పూలు చల్లుతాం గానీ, వీధి దీపం వెలిగిందని ఎవరైనా పూలు చల్లారా?

మళ్ళీ ఎక్కడో ఏదో జరుగుతుంది. జరగకూడదనే కోరుకుందాం, కానీ జరుగుతుంది. మళ్ళీ ఒక నాయకుడు మైకు ముందుకొచ్చి, ఆడపడుచుల క్షేమం కోసం ఫలానా టైము తర్వాత ఫలానాది బంద్ అంటాడు. అప్పుడు చప్పట్లు కొట్టకండి. పదిన్నర బస్సు ఏదని అడగండి.